కొసరు తాగిన బండి

ఆత్మకూరు మొత్తం మీద మా షావుకారు చేత కొసరు పోయించుకున్న ప్రాణి ఒక్కటే. అది ఆయన మోటారు సైకిలు.

ఆయనది నూనెల కొట్టు. గానుగ నూనె, కిరసనాయిలు, అప్పుడప్పుడే పొలాల్లోకి దిగుతున్న ఆయిలింజన్లకు పోసే ఇంజను నూనె, అన్నీ అక్కడే. ఊళ్ళో ఏ కొట్టులోనైనా కొలిచి పోశాక, వచ్చిన మనిషి మనసు నొప్పించకుండా ఇంకో చుక్క వంచుతారు. మా అవ్వ అసలు కంటే ఆ కొసరు మీదే ఎక్కువసేపు బేరం చేసేది. షావుకారు మాత్రం కొలపాత్రను ఎంత నేర్పుగా తిప్పేవాడంటే, దాని అంచుకు అంటుకున్న నూనె కూడా మళ్ళీ పీపాలోకే పోయేది. అటువంటి మనిషి మా గ్రంథాలయ సంఘానికి అధ్యక్షుడు. ఆ ఎన్నికలో అన్యాయం ఏమీ జరగలేదు. గ్రంథాలయం ఉన్న గది ఆయనదే.

నేను ఎదురుగా ఉన్న బట్టల కొట్టులో గుడ్డ కొలిచి చించే పనిలో ఉండేవాణ్ణి. థర్డు ఫారంతో బడి నన్ను వదిలింది గానీ నేను చదువును వదల్లేదు. మధ్యాహ్నం కొట్టు మూసే రెండు గంటలూ గ్రంథాలయంలోనే గడిచేవి. అయిదేళ్ళలో అక్కడున్న నాలుగు బీరువాలూ చదివేశాను. గ్రహాల గురించి చదివాను, తేనెటీగల పెంపకం చదివాను, ఓడలు కట్టే పద్ధతి చదివాను. మా మెట్టలో ఓడలతో ఏం పని అని అడిగినవాళ్ళను చూసి జాలిపడేవాణ్ణి. తెలుగు పుస్తకాలు అయిపోయాక, ఒక రిటైరైన ఉద్యోగి దానం చేసిన ఇంగ్లీషు పుస్తకాల పెట్టె మీద పడ్డాను. నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు ఒక పేజీ. అందులో ఒకటి చిన్న మోటారు సైకిళ్ళను బాగుగా ఉంచుకునే విధానం గురించి. నాకు మామూలు సైకిలు కూడా లేదు. అయినా దాన్ని రెండుసార్లు చదివాను.

ఊళ్ళో ఉన్న మోటారు సైకిలు షావుకారుది ఒక్కటే. యుద్ధం అయ్యాక మద్రాసులో మిలిటరీ వాళ్ళు వేలం వేసి వదిలించుకున్న చిన్న బండి. ఇద్దరు సిపాయిలు ఎత్తి కంచె అవతల పెట్టేంత తేలిక. దాని ఇంజనుకు వేరే నూనె తొట్టి ఉండదు. పెట్రోలులోనే నూనె కలిపి పొయ్యాలి. పదహారు పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు నూనె అని పుస్తకంలో ఉంది. ఆ కలపడం షావుకారు తన చేత్తోనే చేసేవాడు. నూనె సొంత పీపాలోది గనక ఇంకొకరిని తాకనిచ్చేవాడు కాదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు, ఉదయగిరిలో ఒక శాఖ గ్రంథాలయం తెరవాలని మా సంఘం తీర్మానించింది. దానికి ఒక గ్రంథపాలకుడు కావాలి. ఆ మాట వినగానే నాకు అన్నం సయించలేదు. రోజంతా పుస్తకాల మధ్య కూర్చున్నందుకు జీతం ఇస్తారు. గుడ్డ చిరిగే చప్పుడు మళ్ళీ వినక్కర్లేదు. బీరువాల తాళాలు నా మొలతాడుకే ఉంటాయి. అంతకు మించిన పదవి నెల్లూరు జిల్లాలో ఉందని నేను అనుకోలేదు.

పోటీకి ఇంకొక్కడే ఉన్నాడు. షావుకారు బావమరిది. ఎస్సెల్సీ ప్యాసయ్యాడు. ఆ సర్టిఫికెట్టు తర్వాత ఆయన ఇంకే కాగితమూ చదవలేదని నా గట్టి నమ్మకం. గ్రంథాలయానికి రోజూ వచ్చేవాడు, బెంచీ మీద పడుకోవడానికి. ఈగలు వాలకుండా ముఖం మీద ఒక పుస్తకం తెరిచి కప్పుకునేవాడు. దానికి ఇంగ్లీషు పుస్తకాలనే ఏరుకునేవాడు. వాటి అట్ట గట్టిగా ఉంటుందని నేను సరిపెట్టుకున్నాను.

ఆ రోజుల్లోనే బండికి జబ్బు చేసింది. బలం లేదు. మర్రిపాడు దాటాక చిన్న ఎత్తు వచ్చినా దగ్గి దగ్గి నిలబడిపోయేది. అది పోయిన దారిలో గొర్రెలు కూడా దగ్గేవి. షావుకారు ఒకనాడు కొట్టు అరుగు మీద నుంచి నన్ను పిలిచాడు.

"ఏమయ్యా, బుక్కులన్నీ నమిలేసినావంట గదా. బండి సంగతి గూడా ఉండాదా వాటిల్లో?"

"ఉండాది అయ్యా. రెండు మాట్లు చదివినాను."

"చదివినోడు చెయ్యగలగాల. బాగు చెయ్యి. వచ్చే ఆదివారం ఉదయగిరిలో సంఘం కూడతాది. నేను ముందు, నువ్వు ఎనక. యాడా ఆగకుండా ఆ ఊరు చేరినామంటే ఉద్యోగం నీది."

బావమరిది పక్కనే కూర్చుని ఆకూ వక్కా నములుతున్నాడు. "నేను బస్సులో వస్తాలే బావా," అన్నాడు. చొక్కా తెల్లది.

పని సైకిలు షాపు సాయిబు చెట్టు కింద పెట్టుకున్నాను. ఆయన నాకు ఈడువాడు. ఊళ్ళో స్పానర్లు ఉన్నది ఆయన దగ్గరే. అంతకు ముందేడు ఆ బండికి ఆయనే వైద్యం చేశాడు. పుస్తకంలో చెప్పిన వరసలోనే నేను మొదలుపెట్టాను. ముందు ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు తీసి, ఇంజను తల మీది నాలుగు నట్లూ ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేసి, తల ఎత్తాను. లోపల మసి కాదు, పెచ్చు. పిస్టను నెత్తి మీద నల్లగా, గట్టిగా, వేలి గోరంత మందం. పొగ బయటికి పోయే కన్నమైతే సగానికి పైగా పూడుకుపోయి ఉంది. బండి ఇన్నాళ్ళూ ముక్కు మూసుకుని పరుగెత్తిందన్నమాట.

పెచ్చును ఇనుముతో గీకకూడదు, గట్టి కొయ్యతో గీకాలి అని పుస్తకం. ఉదయగిరి కొయ్య గరిటెల కంటే గట్టి కొయ్య నాకు తెలియదు. మా ఇంట్లో ఒకటుంది. దాని కాడను చెక్కి ఉలి మాదిరి చేసుకుని తెచ్చాను.

సాయిబు చూశాడు. "ఏందిరా పుస్తకాలోడా, వంట చేస్తుండావా? ఉప్పు తేవాల్నా?"

"ఇనుము తగిలితే పిస్టను గీరుకుపోతాదని రాసినారు."

"పోయినేడు నేను ఉలితో గీకినా. ఏమయింది?"

పిస్టను నెత్తి మీద నాలుగు లోతు గీతలున్నాయి. వేలు పెట్టి చూపించాను.

"అదా. నా గుర్తు. ఉండనీ," అన్నాడు.

రెండు మధ్యాహ్నాలు గీకాను. సిలిండరు కూడా ఊడదీసి, పిస్టను రింగుల సందుల్లో పట్టిన మసిని పాత రింగు విరిచిన ముక్కతో తీశాను. పొగగొట్టాన్ని పిడకల మంటలో పెట్టి కాల్చాను. అందులో నుంచి ఇంజను నూనె, పెట్రోలు, మిలిటరీ, అన్నీ కలిసిన వాసన వచ్చింది. పక్కన టీ కొట్టు ఆయన ఆ పూట బేరం పోయిందని నన్ను నా ముందు తరాలతో సహా తలుచుకున్నాడు. ఇంజను తలకూ ఒంటికీ మధ్య ఉండే రాగి వాషరు గట్టిపడిపోయింది. దాన్ని ఎర్రగా కాల్చి నీళ్ళలో వెయ్యాలి, అప్పుడు మెత్తబడుతుందని పుస్తకం. కంసాలి దగ్గరికి తీసుకుపోయి ఆ సంగతి వివరంగా చెప్పాను. ఆయన ఓపికగా అంతా విన్నాడు. "రాగిని ఎట్టా మెత్తన చెయ్యాలో నాకు సీమ నుంచి దొరలు రాసి పంపించినారా నాయనా?" అని అడిగి, మూడు నిమిషాల్లో చేసి ఇచ్చాడు.

రెండో మధ్యాహ్నం మా అవ్వ వచ్చింది. అన్నం క్యారియరు తేలేదు. చెయ్యి నడుం మీద ఉంది.

"నా గరిటె యాడరా?"

చూపించాను. అవ్వ తిట్లను ఇంటికి వాయిదా వేసుకుంది. వంగి, నేను గీకి కాగితం మీద పోసిన పెచ్చులను రెండు వేళ్ళతో నలిపి చూసింది.

"అట్ల పెనం మాడు మాదిరి ఉండాదే ఇది. ఎవురో నూనె చేతికొచ్చినట్టు పోసినారు. నూనె ఎక్కువైతేనేరా ఇట్టా పెచ్చు కట్టేది."

"ఇది ఇంజను అవ్వా. పెనం గాదు. మసి పట్టేదానికి ఏడు కారణాలు రాసినారు పుస్తకంలో."

"ఆ ఏడిట్లో నూనె లేదా?"

"ఉండాది. ఆరోది."

"మరి?"

"షావుకారు ఎవురికైనా నూనె ఎక్కువ పోసినాడా? నువ్వే చెప్పు."

అవ్వ ఆలోచించింది. జీవితమంతా ఆ కొట్టులో కొసరు కోసం పోట్లాడిన మనిషి. "నిజమే. ఆ మనిషి పొయ్యడు," అని ఒప్పుకుని, గరిటె తీసుకుని వెళ్ళిపోయింది. నేను పుస్తకంలో ఆరో కారణం పక్కన మనసులోనే కొట్టివేత గీత గీశాను. పుస్తకాల మీద పెన్సిలు పెట్టే రకం కాదు నేను.

అన్నీ బిగించి తన్నితే రెండో తన్నుకే బండి పలికింది. సాయిబు చేతిలో ఉన్న ట్యూబు కింద పెట్టి విన్నాడు. "గొంతు మారిందిరా," అన్నాడు. ఆయన నోట అంతకు మించిన మెప్పు ఉండదు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. షావుకారు ముందు కూర్చున్నాక సీటు మీద నాకు మిగిలింది నమ్మకం మాత్రమే. సంచిలో పుస్తకం, ఒక స్పానరు, ఒక పాత గుడ్డ. బండి మాత్రం కోడెదూడ మాదిరి పోయింది. గాలికి షావుకారు ఉత్తరీయం నా ముఖాన కొడుతుంటే, దాన్ని పక్కకు తోసుకుంటూ నేను ఉదయగిరి బీరువాల్లో ఏ అరలో ఏ పుస్తకాలు పెట్టాలో సర్దుకుంటూ పోయాను.

మర్రిపాడులో ఆపాడు. ఆయనే ఆపాడు గనక అది లెక్కలోకి రాదు. తొట్టి చిన్నది, ఎండకు పెట్రోలు ఆవిరైపోతుందని దాన్ని కూడా సగానికే నింపేవాడు. మిగతాది డబ్బాలో వెంట తెచ్చుకునేవాడు. నేను మొట్టమొదటిసారి ఆయన కలపడం చూశాను. పెట్రోలు కొలిచాడు. నూనె కొలిచాడు, పదహారో పాలు, చుక్క అటూ ఇటూ కాలేదు. నాకు గౌరవం కలిగింది. తర్వాత నూనె డబ్బా మళ్ళీ వంచాడు. ఒక వంపు. దాని మీద ఇంకో వంపు. ఆగి, డబ్బా మూతలో మిగిలింది కూడా పోశాడు.

"అదేంది అయ్యా?"

"కొసరు," అన్నాడు, నన్ను వింతగా చూస్తూ. "నోరు లేంది గదా ఇది. అడగలేదు. అడగని గిరాకీకి కొసరు పొయ్యకపోతే పాపం తగులుతాది."

ఆ పెచ్చు సంగతి నాకు అక్కడ, మర్రిపాడు రోడ్డు మీద బోధపడింది. ఊళ్ళో జనమంతా నోరు తెరిచి అడిగారు గనక వాళ్ళకు లేదు. అడగనిది ఇదొక్కటే. పాపభీతి అంతా దీని కడుపులోకి పోయింది. చెప్పాలనుకున్నాను. కానీ తూకం తప్పిందని ఆయనకు ఎదురు చెప్పిన గుమస్తా ఒకాయన మర్నాడే నెల్లూరు బస్సు ఎక్కిన సంగతి గుర్తొచ్చింది. ఇంకెంత దూరం, ఉదయగిరి చేరితే చాలు, పిస్టను మీద మళ్ళీ పెచ్చు కట్టాలంటే నెలలు పడుతుంది అని లెక్క వేసుకున్నాను. లెక్క తప్పు కాదు. ప్లగ్గును లెక్కలో వెయ్యలేదు, అంతే.

ఉదయగిరి దుర్గం కొండ కనబడింది. బండి దగ్గింది. ఊరు రెండు మైళ్ళుందనగా ఆగింది. ప్లగ్గు తీస్తే నూనెలో ముంచి తీసిన వత్తి మాదిరి ఉంది. తుడిచి పెట్టాను. పావు మైలు పోయి మళ్ళీ ఆగింది. ఇంకోసారి తుడిచాను. ఈసారి పలకనైనా పలకలేదు. షావుకారు హ్యాండిలు పట్టుకున్నాడు, నేను వెనక నుంచి తోశాను.

తోసేవాడికి ఆలోచించడానికి తీరిక ఉంటుంది. తప్పు ఆయనదని నేను చెప్పలేను. తప్పు ఎవరిదీ కాకపోతే తప్పు నాది. అప్పుడు నేను జీవితంలో మొదటిసారి పుస్తకం మీద అబద్ధం చెప్పాను.

"అయ్యా, సీమలో గూడా కొసరు ఇస్తారంట బండికి. అయితే వాళ్ళు నూనెలో ఇయ్యరు. పెట్రోలులో ఇస్తారంట. నూనె కొలత ప్రకారం పోసి, పెట్రోలు రెండు వంపులు ఎక్కువ పొయ్యాల. అప్పుడే కొసరు పుణ్యం దక్కుతాదని రాసుండాది."

షావుకారు నిలబడిపోయాడు. ఆయన కష్టం నాకు అర్థమైంది. నూనె ఇంటిది. పెట్రోలు కొనేది.

"యాడ రాసుండాది?"

"మన గ్రంథాలయం పుస్తకంలోనే."

"యాడుండాది ఆ పుస్తకం?"

సంచిలో ఉంది. అబద్ధం ఆడేవాడు సాక్ష్యాన్ని మెడకు తగిలించుకుని తిరగకూడదని ఏ పుస్తకంలోనూ చదవలేదు నేను.

సంఘం కూడిన గదిలో ఉదయగిరి పెద్దమనుషులు ఇద్దరు, వాళ్ళకోసం తెప్పించిన కాఫీ, తెల్ల చొక్కాతో బావమరిది ఉన్నారు. ఆయన బస్సు గంట ముందే వచ్చిందట. షావుకారు చెమట తుడుచుకుని కూర్చున్నాడు. మొదటి తీర్పు వెంటనే ఇచ్చేశాడు.

"ఆగకుండా చేరితే అన్నాను. తోసుకుంటా వచ్చినాము. అది పోయింది." కాసేపు కాఫీ తాగాడు. "అయితే ఈ అబ్బయ్య ఒక మాట చెప్పినాడు. అది నిజమైతే చదువుకున్నోడే అని ఒప్పుకోవాల." పుస్తకం నా సంచిలోంచి తీయించి బావమరిది చేతికి ఇచ్చాడు. "బండికి కొసరు పెట్రోలులో ఇయ్యాలని రాసుండాదంట. చదువు."

నేను పేజీ తీసి ఇచ్చాను. నూనె కలపడం గురించిన పేజీ. ఏ పేజీ ఇచ్చినా ఒకటే గనక దానికి దగ్గరగా ఉన్నది ఇచ్చాను. బావమరిది దాన్ని పైనుంచి కిందికి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. మళ్ళీ పేజీని చూశాడు. ఇంగ్లీషు కూడబలుక్కుంటున్నాడు, పాపం, అనుకున్నాను. చేతకావడం లేదని ఒప్పుకుంటే నేను బతికాను. లేదు, ఇందులో అట్టాంటిది లేదంటే చచ్చాను.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఉండాది బావా. నూనె కొలతకు మించి పొయ్యరాదు. ఉదారంగా ఇయ్యదలిచినవాళ్ళు పెట్రోలునే రెండు వంపులు ఎక్కువ పొయ్యాల." ఆగి, ఇంకో వరస కిందికి వేలు జరిపాడు. "నూనెలో కొసరు పోసే యజమానికి ఇంజను ఉసురు తగులుతాది."

పెద్దమనుషులిద్దరూ తలలు ఊపారు. సీమవాళ్ళకు కూడా ధర్మం తెలుసని ఒకాయన సంతోషించాడు. ఇద్దరి ఎదుట, ఇంగ్లీషులో రుజువయ్యాక, షావుకారుకు తప్పించుకునే దారి లేకపోయింది. నిట్టూర్చాడు.

"సరే. ఇద్దరూ చదువుకున్నోళ్ళే. కానీ నువ్వు అది చదివేదానికి రెండు మాట్లు పట్టిందన్నావు గదా. మావాడు చూసిన వెంటనే గడగడా తెలుగులో చెప్పేసినాడు." నా వైపు దయగా చూశాడు. "నీ చేతిలో పని ఉండాది అబ్బయ్యా. బండి సంగతి ఇంక నువ్వే చూసుకో."

ఆ ఉసురు మాట పుస్తకంలో లేదని నేను చెప్పొచ్చు. చెబితే మొదటి మాట కూడా లేదని చెప్పాలి. చల్లారిన కాఫీ తాగాను.

అట్లా నా అబద్ధంతో ఆయన గ్రంథపాలకుడయ్యాడు. నేను గుడ్డలు చించే పనికే తిరిగొచ్చి, అదనంగా ఒక మోటారు సైకిలుకు వైద్యుణ్ణయ్యాను. బండి మాత్రం బాగుపడింది. షావుకారు ప్రతిసారీ పళ్ళు బిగించుకుని పెట్రోలులో కొసరు పోశాడు. మరుసటేడు తల విప్పి చూస్తే పిస్టను మీద కాటుక పొరంత మసి. గొప్పగా ఇంటికొచ్చి చెప్పాను. "నూనె అని నేను ఆ రోజే చెప్పినానా లేదా?" అంది అవ్వ. ఆ గరిటెను ఆమె మళ్ళీ వంటలో పెట్టలేదు. నేను ఎప్పుడు గర్వపడితే అప్పుడు తీసి చూపించేది.

ఏడాదిన్నర తర్వాత బావమరిదికి నెల్లూరులో ఇంకో ఉద్యోగం దొరికింది. ఉదయగిరి పని ఖాళీ అయింది. ఈసారి పోటీకి ఎవరూ రాలేదు గనక నా అర్హత ఎవరూ పరీక్షించలేదు. తాళాలు నా మొలతాడుకు వచ్చాయి.

మొదటి రోజు బీరువాలు తెరిచాను. బెంచీ మీద పడుకున్న మనిషి ఏడాదిన్నర కాపలా కాసిన గ్రంథాలయం ఎట్లా ఉంటుందో ఊహించుకునే తెరిచాను. పుస్తకాలన్నీ వరసలో ఉన్నాయి. నేను మర్రిపాడు దారిలో మనసులో సర్దుకున్న వరస కంటే అది బాగుంది. మోటారు సైకిలు పుస్తకం కూడా అక్కడే ఉంది. ఆ ఆదివారం ఆయన చేతికి పోయింది మళ్ళీ నా చేతికి రాలేదు.

నూనె కలిపే పేజీ తీశాను. అంచున పెన్సిలుతో, సన్నని అక్షరాల్లో, ఇంగ్లీషులో మూడు వరసలు రాసి ఉన్నాయి. నూనె కొలతకు మించరాదు. ఉదారులు పెట్రోలే ఎక్కువ పొయ్యాలి. యజమానికి ఉసురు. దాని కింద తెలుగులో చిన్నగా, "ఎవరైనా అడిగితే చూపించడానికి."

పుస్తకాల మీద రాసినది చెరిపెయ్యడం గ్రంథపాలకుడి మొదటి పని. రబ్బరు తీసుకున్నాను. చెరిపే ముందు ఒక్కసారి సరిగ్గా చదువుదామని కూర్చున్నాను. మూడో వరసలో ఒక మాట నాకు తెలియలేదు. లేచి వెళ్ళి నిఘంటువు తెచ్చుకున్నాను.